డబ్బులు ఊరికే రావు, మహాత్ములు ఊరక రారు: ప్రకటనల్లో పుట్టిన నుడికారం మీద చర్చ

అడిగినవారు, తిరుపతి

"దర్శనం టికెట్లు ఊరికే రావు నాయనా", "మార్కులు ఊరికే రావు", "ఓట్లు ఊరికే రావు". నగల దుకాణం ప్రకటనలో పుట్టిన వాక్యం నగలను అక్కడే వదిలేసి వీధిలోకి వచ్చేసింది. ఇట్లా వ్యాపార ప్రకటనల నుంచో, గోడమీది నినాదాల నుంచో పుట్టి ఇప్పుడు మామూలు మాటల్లో కలిసిపోయిన తెలుగు వాక్యాలను ఒకచోట చేర్చుదాం. ఇంగ్లీషులో ఇవి కొల్లలు. డి బీర్స్ వజ్రాల కోసం 1947లో రాసిన 'ఎ డైమండ్ ఈజ్ ఫరెవర్' ఒక్కటి చాలు ఉదాహరణకు. మనకేవి ఉన్నాయి? కొన్ని ఎందుకు నిలిచినాయి, కొన్ని ఎందుకు నిలవలేదు?

నిర్వాహకులు

ముందు జల్లెడ పట్టుకుందాం. లేకుంటే పట్టీ నిండా సరుకుల పేర్లే వచ్చి పడతాయి. జిరాక్స్, డాల్డా, సర్ఫ్ వద్దు. అవి పేర్లు జాతివాచకాలైన ముచ్చట. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఏ కంపెనీ నొప్పి మందుకైనా పేరైపోయిందంటే, అక్కడ నిలిచింది పేరు. మనకు కావలసింది వాక్యం.

ఒక మాట నుడికారమైందా లేదా తేల్చడానికి నాలుగు పనులు చేయండి. సరుకు పేరు తీసేసి చదవండి, వాక్యం నిలబడాలి. అందులో ఒక పదం తీసి వేరే పదం పెట్టండి, విన్నవాళ్లకు అదే విరుపు అందాలి. ఆ ప్రకటన చూడని పిల్లలు ఆ మాట వాడుతున్నారేమో గమనించండి. చివరగా, అది ప్రకటన కంటే ముందే తెలుగులో ఉందేమో వెతకండి. ఎక్కువమంది ఈ నాలుగోది మరిచిపోతారు. ఉన్న సామెతను ప్రకటనవాళ్లు వాడుకుంటే, కొన్నాళ్లకు ప్రకటనే సామెతను పుట్టించిందనుకుంటారు.

అయ్యవారు, చిత్తూరు (తెలుగు పండితులు)

నాలుగో పరీక్షకే 'ఊరికే రావు' చక్కగా చిక్కుతుంది. లలితా జ్యువెలరీ ప్రకటనలో యజమానే కెమెరా ముందు నిలబడి 'డబ్బులు ఎవరికీ ఊరికే రావు' అన్నాడు. ఆ వాక్యం ఆయనదే. వాక్యం పోత మాత్రం చాలా పాతది. పోతన భాగవతం దశమ స్కంధంలో గర్గమహాముని ఇంటికి వస్తే నందుడు అనే కందం గుర్తు తెచ్చుకోండి:

ఊరక రారు మహాత్ములు
వారధముల యిండ్లకడకు వచ్చుటలెల్లం
గారణము మంగళములకు
నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా!

మొదటి పాదం ఎప్పుడో పద్యం నుంచి విడిపోయింది. అనుకోని మనిషి గడపలోకి వస్తే 'ఊరక రారు మహాత్ములు' అని నవ్వుతూ అంటాం, మర్యాదకూ అంటాం, ఎత్తిపొడుపుకూ అంటాం. తెలుగువాడి చెవిలో 'ఊరక, రాకపోవడం' అనే జంట ముందే కూర్చుని ఉంది. ప్రకటన వచ్చి అందులో మహాత్ములను లేపి డబ్బులను కూర్చోబెట్టింది. అంతే.

'ఊరక'కు మూడు అర్థాలు. పలకకుండా: ఊరకుండు. కారణం లేకుండా: ఊరకే నవ్వినాడు. వెల లేకుండా, శ్రమ లేకుండా: ఊరికే ఇచ్చినాడు. పద్యంలో ఉన్నది రెండోది, ప్రకటనలో ఉన్నది మూడోది. మొదటిది సామెతలో ఉంది: 'ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు.' తిరుపతివాళ్లకు రెండో సగం వివరించి చెప్పక్కరలేదు.

ఇంకొక సరదా. 'ఊరక రారు మహాత్ములు' అన్న పాదంలో మూడు గణాలూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు): ఊరక, రారుమ, హాత్ములు. 'ఊరక రావు ధనమ్ములు' అని రాసి చూడండి. ఊరక, రావుధ, నమ్ములు. మళ్లీ మూడు భగణాలే. ప్రకటన కందంలోకి దిగడానికి ఒక్క మాట మారిస్తే చాలు.

కుప్పం నుంచి ఒకరు

అయ్యవారూ, ఆ మూడు అర్థాలూ కన్నడంలో 'సుమ్మనె'కు, తమిళంలో 'చుమ్మా'కు కూడా ఉండాయి. గమ్మున ఉండటం, కారణం లేకుండా చేయటం, ఊరికే ఇవ్వటం, మూడూ ఒకే మాట. మూడు భాషలూ కలిసే మా వైపు ఒకే ఇంట్లో ఒకరు 'ఊరికే' అంటే ఇంకొకరు 'సుమ్మనే' అంటారు, ఎవరికీ అడ్డం రాదు. ఇంగ్లీషులో దీనికి మూడు వేరే వేరే మాటలు కావాల.

అయ్యవారు

బాగా పట్టినారు. ఇంకొక సంగతి వదిలేస్తిని. ఈ వాక్యపు అచ్చులో పదం మార్చేటప్పుడు క్రియ మారుతుంది. డబ్బులు, మార్కులు, ఓట్లు: రావు. ఉద్యోగం, పేరు: రాదు. అల్లుళ్లు, చుట్టాలు: రారు. 'చుట్టాలు ఊరికే రావు' అని రాస్తే చుట్టాలను వస్తువుల్లో కలిపినట్టు. ఇంకా ఒక మెలిక ఉంది. 'రావు' మధ్యమపురుష ఏకవచనం కూడా. 'నువ్వు ఊరికే రావు కదా!' అంటే ప్రకటన పలుకూ పోతన పలుకూ రెండూ ఒకేసారి వినిపిస్తాయి.

ఫ్లెక్స్ డిజైనర్, తిరుపతి

అన్నా, మా దగ్గరికి వారానికొకరు వచ్చి వేయించుకునే మాట ఇంకోటుంది. 'మంచి తరుణం మించిన దొరకదు, ఆలసించిన ఆశాభంగం, త్వరపడండి.' ఇది ఏ కంపెనీదీ కాదు. కరపత్రాల్లో, మైకు కట్టుకుని తిరిగే బండ్లలో, ఎగ్జిబిషన్ గుడారాల దగ్గర ఎప్పట్నుంచో ఉండేదే. ఇప్పుడు పెండ్లి సంబంధం గురించి మాట్లాడినా 'ఆలసించిన ఆశాభంగం' అంటారు. పట్టీలోకి వస్తుందా రాదా?

ఇంకొక డౌటు. సగం మంది 'మించినా దొరకదు' అని దీర్ఘం పెట్టి రాసిస్తారు. ఏది కరెక్టు?

అయ్యవారు

పట్టీలోకి తప్పకుండా వస్తుంది. సరుకు పేరు లేకపోవడమే దాని బలం. బట్టలకూ, బొమ్మలకూ, సర్కస్‌కూ అన్నిటికీ అదే అరుపు.

దీర్ఘం మాత్రం కొంప ముంచుతుంది. ఇక్కడ 'మించిన' అంటే 'మించినన్', అంటే 'మించితే'. వ్యాకరణంలో దీన్ని చేదర్థకం అంటారు. సుమతీ శతకంలో 'దెప్పలుగ చెరువు నిండిన గప్పలు పదివేలు చేరు' అన్నప్పుడు 'నిండిన' అంటే 'నిండితే'. బడిలో అందరం వల్లెవేసిన రూపమే. వాడుకలో ఈ చేదర్థకం చచ్చిపోయి '-తే' మిగిలింది. అందుకని ఇప్పటివాళ్లు 'ఆలసించిన'ను 'చేసిన పని', 'వచ్చిన మనిషి' వరసలో చదువుతారు. అప్పుడు 'ఆలసించిన ఆశాభంగం' అంటే ఆలస్యంగా వచ్చిన నిరాశ అనే వింత అర్థం వస్తుంది. ఎక్కడో తేడాగా ఉందని చెవికి తోచి, సరిచేద్దామని దీర్ఘం పెడతారు. దీర్ఘం పెడితే 'మించినప్పటికీ' అవుతుంది. 'ఆలసించినా ఆశాభంగం' అంటే త్వరపడినా పడకపోయినా నిరాశే. ఇక బేరానికి ఎవరొస్తారు?

'తరుణం' కూడా చూడండి. సంస్కృతంలో తరుణం అంటే లేతది, కొత్తది. తెలుగులో అదను, సమయం. ఈ అర్థం మనం పెంచుకున్నదే.

నిర్వాహకులు

'ఆలస్యం అమృతం విషం'తో కలపకండి. అది వేరే సామెత, దానికి బేరసారాలతో పని లేదు. అంగడి బోర్డుల వరసలోవే ఇంకో రెండు చేర్చండి: 'అప్పు రేపు', 'మాకెక్కడా బ్రాంచీలు లేవు'. రెండోది మనుషులకు బాగా అతుక్కుంది. ఒకడి గొప్పలు భరించలేక 'అవును సామీ, మీకెక్కడా బ్రాంచీలు లేవు' అంటే ఎదుటివాడు నోరు మూసుకోవలసిందే. ఆయుర్వేదం కరపత్రాల్లోని 'సర్వరోగ నివారిణి'కీ ఇదే గతి పట్టింది. సంపాదకీయాల్లో ఇప్పుడది దాదాపు ఎప్పుడూ 'కాదు' అనే మాటతోనే కనిపిస్తుంది: 'ఈ పథకం సర్వరోగ నివారిణి కాదు.'

ఫ్లెక్స్ డిజైనర్

'అప్పు రేపు' ఎందుకు నిలిచిందో బోర్డు రాసేవాళ్లనడిగితే చెప్తారు. రెండు మాటలు, ఒక్కోదానికి రెండక్షరాలు, రెండూ 'పు'తోనే ముగుస్తాయి. రేకు ముక్క మీద పైనా కిందా రాస్తే అంచులు సరిగ్గా కూర్చుంటాయి.

పెద్ద బోర్డుకు లెక్క వేరే. పది అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు ఉండాలనేది బోర్డులవాళ్ల మామూలు లెక్క. రెండొందల అడుగుల నుంచి చదవాలంటే ఇరవై అంగుళాలు. ఇది ఇంగ్లీషు పెద్దక్షరాలకు చెప్పిన లెక్క. తెలుగులో పైన గుడి, కింద వొత్తు. లైను ఎత్తులో అక్షరం ఒంటికి దక్కేది సుమారు సగమే. అందుకని వొత్తులు తక్కువుండే మాటను పెద్దగా వేయొచ్చు. 'మరక మంచిదే'లో ఒక్క వొత్తు లేదు. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం'లో కూడా లేదు. 'షరతులు వర్తిస్తాయి'లో రెండుండాయి. దాన్ని అంత చిన్నగా మూలకు వేసేది వొత్తుల వల్లేనని కంపెనీవాళ్లు చెప్పుకోవచ్చు.

ఇంకొక చోట తప్పు జరుగుతుంది. వాట్సాప్‌లో వచ్చేది యూనికోడ్, డీటీపీలో మేం వాడేది అను ఫాంట్లు. మార్చేటప్పుడు వొత్తులు చెదిరి పక్కక్షరం కిందికి పోతాయి. మార్చినాక వొత్తున్న ప్రతి అక్షరం వేలు పెట్టి చూసుకోవాల. లేకుంటే ఇరవై అడుగుల బోర్డు మళ్లీ వేయించాలి. అవును, డబ్బులు ఊరికే రావు.

అనువాదాలు రాసేవారు, శ్రీకాళహస్తి

'షరతులు వర్తిస్తాయి' ఇంగ్లీషు నుంచి మాటకు మాట దించిన అనువాదం. అట్లాంటివి సాధారణంగా బతకవు. ఇది బతికింది, అదీ వ్యంగ్యంగా. 'పెళ్లికి తప్పకుండా వస్తా, షరతులు వర్తిస్తాయి.' రాజపత్రాల్లో ఉండాల్సిన బిగుసుకున్న మాట ఇంట్లో వాడితే నవ్వొస్తుంది. ఆ నవ్వే దాన్ని నిలబెట్టింది. 'స్టాకు ఉన్నంత వరకే' కూడా ఇదే దారి. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు లడ్డూ గురించి అనేది అదే.

హిందీ నుంచి వచ్చినవాటిలో అసలు పని తెలుస్తుంది. నాలుగు చూపిస్తాను.

సర్ఫ్ ఎక్సెల్ 2005లో 'దాగ్ అచ్ఛే హై' అంది. హిందీలో అది బహువచనం. ఉన్నదున్నట్టు దించితే 'మరకలు మంచివే'. తెలుగులో ఏకవచనం చేసినారు: 'మరక మంచిదే'. రెండు మాటలూ 'మ'తో మొదలై చెవికి యతిలా తగిలింది. చివరి 'ఏ' లేకుండా 'మరక మంచిది' అంటే వైద్యుడి సలహాలా ఉంటుంది. 'మంచిదే' అనగానే 'నువ్వు కాదనుకుంటున్నావు గానీ' అన్న వాదం లోపలికి వచ్చేస్తుంది. పత్రికల్లో 'ఓటమి మంచిదే', 'వాన మంచిదే' అని శీర్షికలు పెట్టుకోవడానికి కారణం ఆ 'ఏ'.

ఈ వాక్యపు అచ్చుకు ఒక హద్దుంది. తెలుగులో స్త్రీలకూ వస్తువులకూ ఏకవచనంలో ఒకటే క్రియ, ఒకటే విశేషణం. కాబట్టి 'అత్త మంచిదే' అంటే సరదా పండుతుంది. 'మామ మంచివాడే' అనగానే ప్రకటన వాసన పోయి మామూలు వాక్యమైపోతుంది.

రెండోది పల్స్ పోలియో. 1995 నుంచి నడిచిన కార్యక్రమం. హిందీలో 'దో బూంద్ జిందగీ కీ'. తెలుగులో 'నిండు జీవితానికి రెండు చుక్కలు'. 'నిండు' అన్న మాట హిందీలో లేదు. 'రెండు'కు ప్రాస కోసం తెచ్చినా, అది నేరుగా 'నిండు నూరేళ్లు' అనే దీవెనలోంచి వచ్చింది. నా లెక్కలో తెలుగు ప్రభుత్వ ప్రకటనల్లో ఇంత చక్కటి అనువాదం ఇంకోటి లేదు. 2014లో మన దేశానికి పోలియో లేదని ధ్రువీకరణ వచ్చింది, మాట మాత్రం మిగిలింది. 'చుక్క'కు మందు అనే అర్థం ముందే ఉండటంతో సాయంత్రం బృందాలు దీన్ని ఎట్లా వాడుకుంటాయో చెప్పక్కరలేదు.

మూడోది కుటుంబ నియంత్రణ. 'హమ్ దో, హమారే దో' అని హిందీ. హిందీ 'హమ్'లో వినేవాళ్లు కలిశారా లేదా తెలియదు. తెలుగులో మేము వేరే, మనం వేరే. అనువాదకుడు ఎటో ఒకవైపు దిగాలి. 'మనమిద్దరం మనకిద్దరు' అని ఉంటే మొగుడూ పెండ్లాల గుసగుస అయ్యేది. 'మేమిద్దరం మాకిద్దరు' అనేసరికి ఆ జంట ఊరివైపు తిరిగి చెప్పినట్టయింది. గోడ మీద రాసే మాటకు అదే తగినది. ఇంకా చూడండి, మొదటిది 'ఇద్దరం', రెండోది 'ఇద్దరు'. ఒక్క సున్నతో తల్లిదండ్రులెవరో పిల్లలెవరో తేలిపోయింది. హిందీలో రెండుచోట్లా 'దో' అనే ఉంది. కొత్తకాపురాలు మాట్లాడుకునేటప్పుడు ఇల్లు, వాహనం, అప్పులు కూడా ఈ లెక్కలోనే చెప్పుకుంటారు: 'మేమిద్దరం, మాకు రెండు లోన్లు.'

నాలుగోది సినిమా హాళ్లలో చెవులు చిల్లులు పడేలా విన్న, పొగాకు వద్దని చెప్పే ప్రకటన: 'ఈ నగరానికి ఏమైంది?' హిందీలో 'ఇస్ షహర్ కో యే హువా క్యా హై'. 'షహర్ కో' అన్నచోట 'నగరానికి', 'కో'కు సరిగ్గా 'కి'. రెండు భాషల్లోనూ జరిగినదాన్ని 'కి' పెట్టి చెప్పే అలవాటే కాబట్టి అతుకు కనిపించలేదు. 2018లో ఒక తెలుగు సినిమాకు అదే పేరైంది. ఎండాకాలం కరెంటు పోయినా, లీలామహల్ సర్కిల్ దగ్గర బండ్లు ఆగిపోయినా ఇప్పుడు అదే ప్రశ్న, అదే గంభీరమైన గొంతుతో.

పుత్తూరు నుంచి ఒకరు

అక్కా, నిర్మా పాట వదిలేసినారే!

అనువాదాలు రాసేవారు

వదల్లేదు, దాని సంగతి వేరే. 'దూధ్ సీ సఫేదీ నిర్మా సే ఆయే' అనే హిందీ పాదాన్ని పలుకుల లెక్కన విడగొడితే పది. 'పాలలోని తెలుపు నిర్మాతో వచ్చింది' పదమూడు. బాణీ మాత్రం అదే. మూడు పలుకులు అదనంగా ఎక్కినాయి కాబట్టి 'తెలుపు'ను గబగబా మింగి పాడాలి. డబ్బింగులో మనకు ఎప్పుడూ ఉండే బాధ ఇదే. హిందీ క్రియ 'హై' అని ఒక్క పలుకుతో తెగిపోతుంది, మన క్రియ 'వస్తుంది', 'అవుతుంది' అని సాగుతుంది. పరిష్కారం తెలిసిందే: క్రియ తీసేయడం. 'మరక మంచిదే', 'రెండు చుక్కలు', 'మాకిద్దరు', వేటిలోనూ క్రియ లేదు. తెలుగుకు క్రియ లేని వాక్యం సహజం, దాన్ని వాడుకున్నవాళ్లు గెలిచారు.

నిర్మాలో పాట మిగిలింది గానీ వాక్యం నుడికారం కాలేదు. నుడికారమైంది 'వాషింగ్ పౌడర్ నిర్మా' అనే పేరు. పార్టీ మారగానే కేసుల మరకలు పోయిన నాయకుల మీద ఎత్తిపొడుపుగా అది వాడుకలోకొచ్చింది. 2023 మార్చిలో హైదరాబాద్‌లో నిర్మా అమ్మాయి గౌనుకు నాయకుల తలలు పెట్టి బోర్డులే కట్టారు. నిర్వాహకుల జల్లెడలో ఇది ఆగిపోతుంది. పేరు రాలిపోలేదు, పేరే మిగిలింది. 'ఫెవికాల్ బంధం' కూడా అంతే.

నిర్వాహకులు

ఒప్పుకుంటాను. వాటికి వేరే గంప పెడదాం.

పేరు కాని పేరు ఒకటుంది, దాన్నేం చేయాలి? పులిరాజా. 2000ల మొదటి సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని బోర్డులు లేచినాయి. ముందు ప్రశ్న ఒక్కటే కనబడింది. పులిరాజా ఎవరో, అడిగేది ఎవరో అందులో లేదు. జనం మాట్లాడుకుని మాట్లాడుకుని అలిసినాక, అది ఎయిడ్స్ మీద అవగాహన ప్రచారమని చెప్పారు.

అయ్యవారు

పట్టీలోకి తప్పకుండా తీసుకోండి. అమ్మే సరుకు లేదు, పులిరాజా అనే మనిషీ లేడు. కల్పించిన పేరు జాతివాచకమైంది: 'వాడొక పులిరాజా'. ప్రశ్న అచ్చైంది: 'పులిరాజాకు సీటు వస్తుందా?' పేరు ఎంపిక కూడా గమనించండి. పులి, రాజు, రెండూ మగతనపు బడాయిని చెప్పే మాటలు. 'రామారావుకు వస్తుందా?' అని ఉంటే ఊరూరా ఉన్న రామారావులు తగవు పెట్టుకునేవాళ్లు, నుడికారం పుట్టేది కాదు.

ఫ్లెక్స్ డిజైనర్

అయ్యోరూ, 'వృక్షో రక్షతి రక్షితః' కూడా బోర్డు మాటే కదా? అటవీశాఖ బోర్డుల మీద చూస్తా ఉంటాం. దాన్ని పట్టుకుని జనాలు 'హెల్మెట్ రక్షతి రక్షితః', 'నీరో రక్షతి రక్షితః' అని వేయమంటారు.

అయ్యవారు

అది నాలుగో పరీక్షకు ఇంకో ఉదాహరణ. మూలం మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోని 'ధర్మో రక్షతి రక్షితః'. అందులో ధర్మం తీసి చెట్టును పెట్టారు. అది సరిపోవడానికి కారణం ఉంది. ధర్మః, వృక్షః రెండూ పుంలింగం, కాబట్టి విసర్గ సంధితో ధర్మో, వృక్షో. 'రక్షితః' కూడా పుంలింగమే కాబట్టి అతుకుతుంది. నీరు తెలుగు మాట, దానికి ఆ 'ఓ'కారం రాదు. సంస్కృతంలో 'జలం రక్షతి రక్షితమ్' అని రాయాలి, జలం నపుంసకం. హెల్మెట్‌కు ఏ లింగమో పాణిని చెప్పలేదు కాబట్టి దాన్ని మీ ఇష్టానికి వదిలేస్తున్నాను.

దీనికి ఎదురు ప్రయాణం కూడా ఉంది. 1956లో పుట్టిన జీవిత బీమా సంస్థ గీత తొమ్మిదో అధ్యాయంలోని 'యోగక్షేమం వహామ్యహం' ముక్కను తన చిహ్నం కింద పెట్టుకుంది. 'యోగక్షేమాలు' మన ఉత్తరాల్లో ముందే ఉన్న మాట. అందుకని ఆ నినాదం చదివినవాడికి బీమా కంటే ముందు ఇంటి కార్డుముక్క గుర్తొస్తుంది.

పుత్తూరు నుంచి ఒకరు

మరి 'తిరుపతి క్షవరం'? అదీ అంగడి మాటే కదా!

నిర్వాహకులు

అంగడి మాటే, ప్రకటన కాదు. బేరం పోకుండా ఒక్కొక్కరి తల మీద నాలుగు గీతలు గీసి కూర్చోబెట్టి, ఇంకొకరి దగ్గరికి పోవడం. మొదలుపెట్టి సగంలో వదిలేసే పనులన్నిటికీ ఆ పేరు వచ్చింది. ఇప్పుడు కళ్యాణకట్టలో వరస పద్ధతి వచ్చి మూలం పోయింది గానీ మాట పోలేదు. పట్టీలో చేర్చం. మన రోడ్ల తవ్వకాలు చూస్తా ఉంటే మాత్రం చేర్చాలనే అనిపిస్తుంది.

కుప్పం నుంచి ఒకరు

మన జిల్లాలవాళ్ల సొంత ప్రకటన ఒకటుంది కదా. రేణిగుంట పక్కన కరకంబాడి నుంచి వచ్చే అమరాన్ బ్యాటరీది, 'లాస్ట్స్ లాంగ్, రియల్లీ లాంగ్'. అదెందుకు మాటల్లోకి రాలేదు?

అనువాదాలు రాసేవారు

అది ఇంగ్లీషు బిగువు మీద నిలబడ్డ వాక్యం. 'లాంగ్' రెండోసారి వచ్చేటప్పుడు 'రియల్లీ' దానికి ఊతం. తెలుగులో పెంచి చెప్పాలంటే మాటను నేరుగా రెట్టిస్తాం: పెద్ద పెద్ద, చాలా చాలా, పొడుగూ పొడుగు. 'నిజంగా' అడ్డం పెట్టం. దించితే 'చాన్నాళ్లొస్తుంది, నిజంగా చాన్నాళ్లొస్తుంది' అవుతుంది. అప్పుడు విన్నవాడు ఎందుకింత ఒట్టు పెడుతున్నాడని అనుమానపడతాడు. పెప్సీ 1998లో తెచ్చిన 'యే దిల్ మాంగే మోర్'దీ అదే కథ. 1999లో కార్గిల్‌లో కెప్టెన్ విక్రమ్ బాత్రా దాన్నే విజయ సంకేతంగా వాడటంతో దేశమంతటికీ తెలిసింది. అయినా తెలుగులో అది ఎప్పుడూ హిందీ మాటగానే పలుకుతుంది. మనవాళ్లు దాన్ని తెలుగు చేయలేదు, అందులో మాటలూ మార్చలేదు.

'ఒకటి కొంటే ఒకటి ఉచితం' చూడండి మరి. ఆషాఢం తగ్గింపుల కాలంలో ప్రతి బట్టల అంగట్లోనూ ఉంటుంది. ఇంగ్లీషులో ఆజ్ఞ: కొను, పొందు. తెలుగులో ఆజ్ఞ లేదు, '-తే' ఉంది. అందుకని 'బావను పిలిస్తే బావమరిది ఫ్రీ', 'సలహా అడిగితే తిట్లు ఉచితం' అని ఎన్నైనా అల్లుకోవచ్చు. 'తినబోతే', 'అడిగితే', 'వస్తే' అని సగం సామెతలు ఈ '-తే' మీదే నడుస్తాయి కదా.

నిర్వాహకులు

అయితే ఇప్పటికి పట్టీలో ఇవి: ఊరికే రావు, మంచి తరుణం, ఆలసించిన, అప్పు రేపు, బ్రాంచీలు లేవు, సర్వరోగ నివారిణి, షరతులు వర్తిస్తాయి, స్టాకు ఉన్నంత వరకే, మరక మంచిదే, రెండు చుక్కలు, మేమిద్దరం, ఏమైంది, పులిరాజా, ఒకటి కొంటే. ఒక్కో మాటకు మూడు వాడుక వాక్యాలు రాయండి: ఒకటి మూలం ఉన్నట్టుగా, ఒకటి పదం మార్చి, ఒకటి ఎత్తిపొడుపుగా. సినిమా మాటలు కలపకండి, అవి వేరే సముద్రం.

ఫ్లెక్స్ డిజైనర్

అందరూ ఉన్నప్పుడే ఒకటి తేల్చేయండి. ఒక బోర్డు ఈరోజు సాయంత్రం పోవాల. 'మంచి తరుణం మించిన దొరకదు' అని పాతదే వేయాలా, మార్చాలా?

అయ్యవారు

పాతదే వేస్తే తప్పు కాదు, దీర్ఘం మాత్రం పెట్టొద్దు. అందరికీ తెలియాలంటే 'మంచి తరుణం మించితే దొరకదు' అని వేయండి. మాత్రలు కూడా పెద్దగా చెదరవు, మీ లెక్క ప్రకారం ఒక్క వొత్తు కూడా లేదు.

ఫ్లెక్స్ డిజైనర్

రెండో లైను?

అయ్యవారు

'ఆలసిస్తే ఆశాభంగం.' అక్కడ 'స్తే'కు వొత్తు తప్పదు. అను ఫాంట్లోకి మార్చినాక వేలు పెట్టి చూసుకోండి.